మోదుగాకు మీద గురి

అబ్కారీ ఇన్‌స్పెక్టరు బాపూరావుకు ఆ వానాకాలం అన్నం సయించకపోవడానికి కారణం ఒక ఖాళీ తూటా.

ఎల్లసముద్రం చెరువు వెనక తుంగ దుబ్బుల్లో దొరికిందది. అక్కడెక్కడో దొంగసారా బట్టీ ఉందని కబురు వస్తే మోకాలి లోతు బురదలో వెతుక్కుంటూ పోయాడు. బట్టీ దొరకలేదు. కాల్చి పారేసిన తూటా దొరికింది. దాని పక్కనే గడ్డిలో ఒక గూడు. గూట్లో గుడ్లు చల్లబడి ఉన్నాయి. కాస్త అవతల అడవి బాతు ఈకలు వానకు తడిసి నేలకు అంటుకుపోయి ఉన్నాయి.

బాపూరావు తూటా అడుగున ఉన్న ఇత్తడి బిళ్ళను బొటనవేలితో తుడిచి చూశాడు. పదహారు నెంబరు.

తూటా నెంబరు తుపాకి గొట్టం కొలతను బట్టి ఉంటుంది. ఆ ప్రాంతంలో తుపాకి ఉన్నవాళ్ళందరివీ పన్నెండు నెంబరువి. పదహారు నెంబరు తుపాకి ఒక్కడి దగ్గరే ఉంది. బడిలో డ్రిల్లు మాస్టరు రాజలింగం దగ్గర. రాజలింగం బాపూరావుకు ప్రాణ స్నేహితుడు.

లైసెన్సు ఉన్నవాళ్ళు పక్షుల వేటకు పోవడం అప్పట్లో ఎవరూ తప్పుగా ఎంచేవారు కాదు. ఆ ఊళ్ళో నలుగురు వేటగాళ్ళ జట్టు ఒకటుండేది. బాపూరావు, రాజలింగం, దవాఖాన నడిపే డాక్టరు సికందర్, భూస్వామి అనంతరెడ్డి. కలిస్తే చాలు, తుపాకుల గొడవే. ఎత్తున ఎగిరే బాతుకు పొడుగు గొట్టం కావాలని అనంతరెడ్డి అనేవాడు. చేలో పూరేడు కాళ్ళ దగ్గర లేస్తుంది, దానికి తేలిక తుపాకే మేలని డాక్టరు వాదించేవాడు. బాపూరావు కొత్తగా జంట గొట్టాల తుపాకి కొన్నాడు. దాని గొట్టాలు రెండూ మూతి దగ్గర సన్నబడి ఉంటాయి. తూటాలోని సీసపు రవ్వలు చెదరకుండా దూరం పోతాయని అతనికి అదొక గర్వం. రాజలింగం తుపాకి మామగారి కాలంనాటిది. పేల్చే ముందు దాని సుత్తి వెనక్కి లాగితే కీచుమనేది. జట్టులో అందరూ దాన్ని ముసలమ్మ అనేవాళ్ళు. రాజలింగం నవ్వి ఊరుకునేవాడు.

వాళ్ళందరూ ఒక మాట మీద ఉండేవాళ్ళు. వానలు పడింది మొదలు కార్తీక పున్నమి దాకా చెరువు మీద తుపాకి పేలకూడదు. ఆ నెలల్లో బాతులు గూళ్ళు కట్టి గుడ్లు పెడతాయి. పిల్లలకు రెక్కలు రావాలి, ఉత్తరం నుంచి పరజ బాతులు గుంపులుగా దిగాలి, అప్పుడే వేట. ఈ మాట ఏ సర్కారూ చెప్పింది కాదు. చెరువు గట్టు మీద తకియాలో, అంటే ఫకీరు మఠంలో, ఉండే హబీబ్ షా సాహెబు ముందర వాళ్ళంతట వాళ్ళు అనుకున్నది.

వేట నుంచి వస్తూ అందరూ సాహెబు దగ్గర కాసేపు కూర్చుని టీ తాగి పోయేవాళ్ళు. బాపూరావు మాత్రం టీ తాగి పోయే మనిషి కాదు. సాహెబు చేయి పట్టుకున్న శిష్యుడు. తన కోపం అణగాలని పట్టుకున్నాడు. కోపం కొంత అణిగింది. ఉద్యోగం నేర్పిన అనుమానం మాత్రం అలాగే మిగిలిపోయింది.

తూటా దొరికిన రెండు మూడు రోజులకు రాజలింగం బాపూరావు ఇంటికి వచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలోంచే కేక వేస్తూ వచ్చేవాడు, ఆ రోజు చప్పుడు లేకుండా వచ్చాడు. బాపూరావు వాకిట్లో నిలబడి ఉన్నాడు. కూర్చోమనలేదు.

"బాపూ, నీతోని ఒక ముచ్చట చెప్పాలె."

"చెప్పు."

రాజలింగం అతని ముఖంలోకి చూశాడు.

"ఏందట్ల చూస్తున్నవ్?"

"ఎట్ల చూస్తున్న?"

"దొంగసారాతోని పట్టుబడ్డోన్ని చూసినట్టు."

"అదేం లేదు. ఏందో చెప్తనన్నవ్ గద, చెప్పు."

రాజలింగం నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. భుజం మీది తువ్వాలు సర్దుకున్నాడు.

"మల్లెప్పుడన్న చెప్త తియ్," అని వెనక్కి తిరిగాడు.

తప్పు చేయని మనిషైతే చెప్పకుండా ఎందుకు పోతాడు? బాపూరావుకు ఇంకేమీ అక్కర్లేకపోయింది.

ఆనాటి నుంచి అతని కళ్ళు రాజలింగం వెంటే తిరిగాయి. రాజలింగం అరుగు మీద కూర్చుని తుపాకి గొట్టానికి నూనె పట్టిస్తుంటే, వేట లేని రోజుల్లో ఇప్పుడీ నూనె దేనికి అనుకున్నాడు. మరో నాడు తుపాకి అరుగు మీద కనబడకపోతే, ఎక్కడ దాచాడు అనుకున్నాడు. వాళ్ళ ఇంటి ముందు ఈక ఒకటి కనబడితే వంగి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. అది కోడి ఈక. అయినా జేబులో వేసుకున్నాడు. రాజలింగం పలకరిస్తే నటన. పలకరించకపోతే భయం. గురువారం గురువారం తకియాకు వచ్చే మనిషి వరసగా రాకపోవడం చూసి, సాహెబు ముఖం చూసే ధైర్యం లేదని తేల్చుకున్నాడు.

చివరికి ఆ అనుమానం తకియా గడప కూడా దాటింది. ఒకనాడు సాహెబు పొయ్యి మీద కుండ ఉడుకుతోంది. మసాలా వాసన ఘాటుగా వస్తోంది. చెరువు గట్టునే ఉండే మనిషి, తుపాకి చప్పుడు వినకుండా ఉంటాడా? విన్నవాడు ఎందుకు ఊరుకున్నాడు? రాజలింగం తెచ్చి ఇచ్చాడా? బాపూరావు మాటలు వింటూనే కుండ వైపు చూడసాగాడు.

సాహెబు చూశాడు.

"మూత తీసి చూడు బేటా. కాలుతది, బట్ట పట్టుకో."

బాపూరావు సిగ్గుపడ్డాడు. కానీ మూత తీశాడు. కుండలో ఉలవలు ఉడుకుతున్నాయి.

అంత జరిగినా అతను ఆగలేదు. పంటి నొప్పికి మందు తీసుకోవడానికి డాక్టరు సికందర్ దగ్గరకు పోయి, మాటల మధ్య, "ఎవరికీ చెప్పకు గానీ," అని తూటా సంగతి చెప్పాడు. అనంతరెడ్డి మామిడి తోటలో కూర్చున్నప్పుడు, "నాకేమో నమ్మబుద్ధి కాదు, కానీ పదహారు నెంబరు తుపాకి ఇంకెవరి దగ్గరుంది?" అన్నాడు. బడి మీదుగా పోతూ హెడ్మాస్టరు కనబడితే, "పిల్లలకు కట్టుబాటు నేర్పే మనిషి తానే కట్టుబాటు తప్పితే ఎట్లండీ?" అని పేరు చెప్పకుండా అన్నాడు. బడిలో కట్టుబాటు నేర్పేది డ్రిల్లు మాస్టరే కాబట్టి పేరు చెప్పాల్సిన పని లేకపోయింది.

దసరా నాటికి ఆ మాట ఊరంతా తిరిగింది. తిరిగే కొద్దీ లావెక్కింది. రాజలింగం బాతులను కొట్టి పట్నం హోటళ్ళకు పంపుతున్నాడన్నారు. లైసెన్సు ఎప్పుడో అయిపోయిందన్నారు. బడిలో అతను ఈల ఊదితే వెనక వరసలోంచి ఎవరో నోటితో "ఢాం" అనేవాళ్ళు. ఆటల పోటీల పని ఆ ఏడు హెడ్మాస్టరు వేరే మాస్టరుకు అప్పజెప్పాడు.

బాపూరావు భార్య సులోచన, రాజలింగం భార్య సత్తెమ్మ కలిసి మధ్యాహ్నాలు ఒక బొంత కుట్టేవాళ్ళు. ఒకరోజు సత్తెమ్మ ఆ సగం కుట్టిన బొంతను మడిచి, సూది దారంతో సహా చాకలామెతో పంపించేసింది.

"ఏమైంది? నువ్వేమన్నవ్ వాళ్ళను?" అని అడిగింది సులోచన.

"నేనేమన్న? ఉన్నదే అన్న," అన్నాడు బాపూరావు.

ఆమె బొంత తీసుకుని లోపలికి పోయింది.

పున్నమి ముందురోజు మధ్యాహ్నం బాపూరావు తకియాకు వచ్చాడు. తుపాకి భుజానికి వేసుకునే వచ్చాడు. మర్నాడు వేట మొదలు కదా, అటునుంచి అటే అనంతరెడ్డి తోటకు పోయి జట్టుతో ఉండాలని. ఆ లోపల ఒక పని తేల్చుకోవాలి. రాజలింగాన్ని జట్టులోంచి తీసేయాలి, తహసీలు కచేరీలో చెప్పి అతని లైసెన్సు రద్దు చేయించాలి. దానికి సాహెబు నోటి మాట ఒకటి కావాలి.

సాహెబు ఎండలో చాప మీద కూర్చుని ఉన్నాడు.

"బాబా, మీరు గట్టు మీదనే ఉంటరు. మీకు తెల్వకుండ ఈ చెరువుల ఏం జరగదు. చెప్పుండ్రి. గూడు మీది బాతును కొట్టింది ఎవరు?"

"రాజలింగమే," అన్నాడు సాహెబు.

అంత తేలిగ్గా జవాబు వస్తుందని బాపూరావు అనుకోలేదు. గుండెలోంచి ఏదో బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు.

"మీరు చూసిన్రా?"

"చూడలె. ఆయననే వచ్చి చెప్పిండు. కొట్టిన రోజే, తడి బట్టల మీద వచ్చి, నువ్వు కూసున్న జాగలనే కూసున్నడు. కండ్లు సరిగ కనబడ్తలేవంట. పోయినేడు ఒక్క బాతు గూడ పడలె, మీరంత నవ్విన్రంట. ఈయేడు మీతోని దిగే ముందుగాల్ల చెయ్యి ఉన్నదో పోయిందో చూసుకుందామని పోయిండు. దుబ్బుల్ల కదిలింది నీటికోడి అనుకున్నడు. దగ్గరికి పోయి చూస్తె గూడు."

బాపూరావు భుజం మీది తుపాకి పట్టీ సర్దుకున్నాడు.

"చిన్న పోరని లెక్క ఏడ్సిండు. నీ జట్టోళ్ళకు చెప్పుకో, మనసు తేలికైతది అన్న. ముందుగాల బాపూకు చెప్త అని పోయిండు." సాహెబు తలెత్తి చూశాడు. "రాలేదా నీ దగ్గరికి?"

తువ్వాలు సర్దుకుంటూ వెనుదిరిగిన మనిషి బాపూరావుకు కనబడ్డాడు. అయినా లోపల ఇంకేదో బిగుసుకునే ఉంది. ఇన్ని నెలలు ఊరికే పోలేదు కదా.

"వచ్చిండో రాలేదో గాని బాబా, కొట్టింది ఆయననే గద! నేను లేని నింద ఏం వెయ్యలె. నేను అనుకున్నదే నిజమైంది. నా గురి తప్పలె."

సాహెబు కాసేపు చెరువు వైపు చూశాడు.

"కొత్త తుపాకి ఇదేనా?"

"ఇదే బాబా."

"మంచిగ కొడ్తదా?"

ఆ మాటకు బాపూరావు ముఖం వికసించింది. తుపాకి విప్పి గొట్టాలు చూపించాడు.

"మూతి కాడ సన్నగ ఉన్నది చూడుండ్రి. మిగతా తుపాకుల లెక్క రవ్వలు చెదరవ్. అన్నీ ఒక్కకాడికే పోతయ్. దేన్ని కొట్టాల్నో దాన్నే కొడ్తది."

సాహెబు లేచాడు. తకియా వెనక ఉన్న మోదుగ చెట్టు నుంచి ఒక ఆకు తుంచుకొచ్చాడు. తన భుజాల మీది తెల్ల ఉన్ని చద్దరు తీశాడు. చాలా పాతది. ఆయన గురువు కప్పినది. కంచె కర్రల మీద దాన్ని పరిచినట్టు వేలాడదీసి, నడుమ మోదుగాకు పెట్టి తుమ్మముల్లుతో గుచ్చాడు.

"ఆ ఆకును కొట్టు," అన్నాడు.

బాపూరావు నవ్వబోయి ఆగిపోయాడు. సాహెబు నవ్వడం లేదు.

"బాబా, చద్దరు..."

"ఆకును కొట్టమన్న. చద్దరును ఎవరు కొట్టమన్నరు?"

"దానెనక మీ చద్దరున్నది గద బాబా."

"నీ గురి తప్పదంటివి గద బేటా."

గురువు మాట కాదనలేక బాపూరావు వెనక్కి నడిచాడు. బాతును కొట్టేటంత దూరంలో నిలబడ్డాడు. తూటా పెట్టాడు. తుపాకి ఎత్తాడు, దించాడు. సాహెబు వైపు చూశాడు. సాహెబు పక్కకు జరిగి చేతులు కట్టుకుని నిలుచున్నాడు. బాపూరావు మళ్ళీ ఎత్తి, ఆకు మీద చూపు నిలిపి మీట నొక్కాడు.

చప్పుడు నీళ్ళ మీద దొర్లుకుంటూ అవతలి గట్టు దాకా పోయింది. చెరువులోని బాతులన్నీ ఒక్కసారి లేచాయి. కొంగలు లేచాయి. తుంగలోంచి నీటికోళ్ళు నీళ్ళు చిమ్ముకుంటూ పరుగెత్తాయి. ఆకాశంలో అవి చుట్టూ తిరుగుతూ అరుస్తూ ఉంటే, పున్నమి ఇంకా రాలేదన్న సంగతి బాపూరావుకు అప్పుడు తట్టింది.

పక్షులు తిరిగి నీళ్ళ మీద వాలేదాకా సాహెబు కదలలేదు. తరువాత కంచె దగ్గరికి నడిచాడు. వెనకే బాపూరావు.

మోదుగాకుకు నాలుగైదు చిల్లులు పడ్డాయి. చద్దరు నిండా చిల్లులే. అంచు దాకా, అంచు దాటి కంచె కర్రల దాకా రవ్వలు పోయాయి. నేసినవాడి చేతి పని ఎక్కడికక్కడ తెగి, ఉన్ని పోగులు గాలికి ఊగుతున్నాయి.

సాహెబు ముల్లు తీసి ఆకును ఎండకు పట్టి చూశాడు.

"నిజమే," అన్నాడు. "గురి తప్పలె."

ఆకును బాపూరావు చేతిలో పెట్టాడు. చద్దరు దులిపి భుజాల చుట్టూ కప్పుకుని నమాజుకు లోపలికి పోయాడు.

బాపూరావు ఆ రాత్రి అనంతరెడ్డి తోటకు పోలేదు. మర్నాడు వేటకూ పోలేదు. పొద్దున్నే డాక్టరు ఇంటికి పోయాడు. బూట్లు తొడుక్కుంటున్న డాక్టరుతో, "రాజలింగం గురించి నేనన్న మాట మరిచిపో," అన్నాడు.

"ఏ మాట? ఓ, అదా!" అని డాక్టరు నవ్వాడు. "నేనెవరికీ చెప్పలె భాయ్. కాంపౌండరుకు చెప్పిన, అంతే."

కాంపౌండరు దగ్గరికి పోయాడు. కాంపౌండరు మందుకొచ్చిన వాళ్ళకు చెప్పాడు. వాళ్ళెవరో అతనికి గుర్తు లేదు. అనంతరెడ్డి అయితే, "ఇప్పుడు పాపం అనిపిస్తున్నదా? ఆయన చేసింది చేసిండు గద," అన్నాడు. హెడ్మాస్టరు ముఖం ఇబ్బందిగా పెట్టాడు.

"ఇన్‌స్పెక్టరు గారూ, ఇప్పుడొచ్చి చెప్తే ఎట్లండీ? ఆయన్ను ఇక్కడి నుంచి బదిలీ చెయ్యమని పైకి రాసి కూడా అయింది."

"మల్ల రాయుండ్రి. తప్పు నాదని రాయుండ్రి."

"చూస్తా," అన్నాడు హెడ్మాస్టరు, చూసేటట్టు కనబడకుండా.

రోజూ ఎవరో ఒకరి దగ్గరికి పోయేవాడు బాపూరావు. టీ దుకాణంలో నిలబడి చెప్పాడు. అంగట్లో చెప్పాడు. కొందరు విన్నారు. కొందరు ఇదేదో కొత్త ఎత్తు అనుకుని, ఇన్‌స్పెక్టరుకు డ్రిల్లు మాస్టరు ఏం ముట్టజెప్పాడో అని అతన్నే అనుమానంగా చూశారు. ఆ చూపు ఎట్లా ఉంటుందో బాపూరావుకు మొదటిసారి తెలిసింది.

ఇన్ని చోట్లకు పోయినవాడు ఒక్క ఇంటికి మాత్రం పోలేకపోయాడు. డ్రిల్లు మాస్టరు ఉండే సందు మొదట్లో దాకా పోయేవాడు. అరుగు మీద రాజలింగం తల వంచుకుని ఏదో చదువుతూ ఉండేవాడు. లోపల సత్తెమ్మ పెట్టెలు సర్దుతున్న చప్పుడు వినబడేది. సందు మొదట్లో నిలబడి, ఏదో పని గుర్తొచ్చిన వాడిలా వెనక్కి తిరిగేవాడు.

చలి ముదిరింది. చెరువు మీది గాలి తకియాలోకి నేరుగా కొడుతుంది. సాహెబు ఆ చిల్లుల చద్దరే కప్పుకుని కూర్చునేవాడు. వచ్చినవాళ్ళు ఎలుకలు కొట్టాయా, పురుగు తిన్నదా అని అడిగితే నవ్వి ఊరుకునేవాడు. ఎవరి పేరూ చెప్పలేదు. అది బాపూరావుకు ఇంకా కష్టంగా ఉండేది.

అతను పట్నం పోయి మంచి ఉన్ని చద్దరు ఒకటి కొనుక్కొచ్చాడు. గురువారం నాడు తెచ్చి సాహెబు పాదాల దగ్గర పెట్టాడు.

సాహెబు చద్దరును చేత్తో నిమిరి చూశాడు.

"మెత్తగున్నది. వెచ్చగ గూడ ఉంటది."

"కప్పుకోండ్రి బాబా. ఈ చలిల మీరట్ల కూసుంటే నేను చూడలేకపోతున్న."

సాహెబు కొత్త చద్దరును మడత చెదరకుండా తిరిగి అతని చేతుల్లో పెట్టాడు.

"చలి నాకు గాదు బేటా పెడుతున్నది," అన్నాడు.

బాపూరావు చేతుల్లోని చద్దరు వైపు చూశాడు. సాహెబు చిల్లుల చద్దరును భుజాల మీదికి లాక్కున్నాడు.

బాపూరావు కొత్త చద్దరును చంకలో పెట్టుకుని గట్టు దిగాడు. ఊళ్ళోకి వచ్చాడు. బడి దాటాడు. ఆ సందు మొదట్లో అతని కాళ్ళు ఈసారి ఆగలేదు.